ముందు హాజరు రిజిస్టర్ తీయి, బిడ్డా

బిడ్డా,

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నాక రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇన్‌ఛార్జి హెచ్‌ఎం అయ్యి నెల కూడా కాలేదు, అప్పుడే ఏడో తరగతిలో ముగ్గురికి డెంగీ, గేటు దగ్గర తల్లిదండ్రులు, బడి మూసేస్తారట అని వాట్సాప్‌లో ఎవరో పెట్టిన మెసేజ్. ఫోన్లో సగమే చెప్పగలిగాను, మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు హాజరు రిజిస్టర్. పొద్దున పది గంటలకల్లా అన్ని సెక్షన్లలో రానివాళ్ల పేర్లు నీ టేబుల్ మీద ఉండాలి. పేరు పక్కన ఏ బస్తీ, జ్వరమా వేరే కారణమా అన్నది క్లాస్ టీచర్ కనుక్కుని రాయాలి. ఒక్కో క్లాసులో ఇద్దరు రాకపోతే ఎవరికీ ఏమీ అనిపించదు, కానీ మొత్తం కలిపి చూస్తే రాని పదిమందిలో ఆరుగురు ఒకే గల్లీ పిల్లలని తేలిందనుకో, అదే రోజు అక్కడి ఆశా కార్యకర్తకీ, ఏఎన్‌ఎం నర్సుకీ, బస్తీ దవాఖానా డాక్టరుకీ చెప్పు. దవాఖానా లెక్కల్లోకి ఎక్కకముందే జ్వరం మన రిజిస్టర్లో కనిపిస్తుంది.

ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 2020 మార్చిలో కరోనాకి బడులు మూసేశారు, పదో తరగతి పరీక్షలు మూడే అయ్యాయి, జూన్‌లో మిగతావి రద్దు చేసి అందరినీ పాస్ చేశారు. సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్ చానల్‌లో పాఠాలు మొదలయ్యాయి. అప్పుడు పిల్లల నంబర్లు తీసి ఫోన్ చేస్తే సగం పనిచేయలేదు. ఎప్పుడో అడ్మిషన్ రోజున ఇచ్చినవి, తర్వాత సిమ్‌లు మారాయి, కిరాయి ఇళ్లు మారాయి, కొందరైతే సొంతూళ్లకే వెళ్లిపోయారు. నేనేమో సర్క్యులర్లు చదువుతూ, ఫార్మాట్లు నింపుతూ కూర్చున్నాను. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులు తెరిచిన రోజు, మా తొమ్మిదో తరగతి అమ్మాయికి పెళ్లి చేసేశారని పక్కింటి పిల్ల చెప్పింది. అప్పటికి ఏడాది దగ్గర పడుతోంది, ఆ ఇంటికి నేను ఒక్కసారీ వెళ్లలేదు. ఇప్పటికీ ఆ పిల్ల ముఖం గుర్తొస్తే మనసు కలుక్కుమంటుంది. అందుకే చెప్తున్నా, ఈ వారమే ప్రతి పిల్లకీ రెండు నంబర్లు రాయించు, ఒకటి ఇంటిది, ఒకటి పక్కింటిది.

తల్లిదండ్రులకు రోజూ సాయంత్రం ఒకే టైముకి నీ గొంతుతో వాయిస్ మెసేజ్ పెట్టు, తెలుగులో ఒకటి, ఉర్దూ వచ్చిన టీచర్‌తో ఇంకొకటి. చదవడం రాని తల్లులు మన బడిలో చాలామంది. ఎంతమందికి జ్వరం, ఎంతమందికి డెంగీ అని టెస్టులో తేలింది, రేపు బడి ఉందా, అంతే. పిల్లల పేర్లు మాత్రం చెప్పకు. బడి ఎందుకు మూయడం లేదని అడుగుతారు, విసుక్కోకుండా విడమరిచి చెప్పు. కరోనా మనిషి ఊపిరి నుంచి మనిషికి అంటింది కాబట్టి అప్పుడు మూశాం, డెంగీ పక్కన కూర్చుంటే అంటదు, దోమ కుడితే వస్తుంది, ఆ దోమ ఇంటి దగ్గరా ఉంటుంది.

ఆ దోమ పగలు కుడుతుంది, అంటే పిల్లలు మన దగ్గర ఉన్న గంటల్లోనే. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు, ఎక్కువగా నిలిచిన శుభ్రమైన నీళ్లలో పెరుగుతుంది. కాబట్టి ప్రతి శనివారం నీళ్లన్నీ పారబోయించు: వంట దగ్గరి డ్రమ్ములు, కుండీల కింద పళ్లేలు, మేడ మీద పారేసిన పాత డెస్కుల సందులు. ట్యాంకు మూత నువ్వే ఎక్కి చూడు. జీహెచ్‌ఎంసీ వాళ్లు పొగ కొట్టి వెళ్లారు కదా అని ఊరుకోకు, ఆ పొగకి ఎగిరే దోమలు చస్తాయి గానీ నీళ్లలోని పురుగులు అలాగే ఉంటాయి. పిల్లలకు ఈ పని అప్పగిస్తే చాలా ఇష్టంగా చేస్తారు. మన హైదరాబాద్ బేగంపేటలోనే 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడని పొద్దున ప్రార్థన అసెంబ్లీలో చెప్పు, మర్నాటి నుంచి వాళ్లే నీళ్లు ఎక్కడ నిలిచాయో వెతుకుతారు.

ఒక్కటి మాత్రం అస్సలు మర్చిపోకు. డెంగీలో జ్వరం తగ్గిన రోజే భయపడాల్సిన రోజు. మూడో రోజు నుంచి ఏడో రోజు లోపల జ్వరం దిగుతూ ఉండగా కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగతగా పడుకోవడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే నిలోఫర్ పిల్లల ఆసుపత్రికో, నల్లకుంట కోరంటి ఫీవర్ ఆసుపత్రికో తీసుకెళ్లాలి. మన తల్లులేమో జ్వరం తగ్గింది, యూనిట్ టెస్ట్ ఉందని సరిగ్గా ఆ రోజే బడికి పంపుతారు. అది నీ చేతిలో ఉంది: జ్వరంతో రానివాళ్లకు టెస్ట్ మళ్లీ పెడతామని ఈరోజే చెప్పేయి. స్టాఫ్‌రూమ్‌లో ఎవరి దగ్గరున్న మాత్ర వాళ్లు ఇవ్వడం ఆపించు. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ అసలు తగలకూడదు, రక్తస్రావం ఎక్కువవుతుంది.

టీచర్లు కూడా భయంలోనే ఉన్నారు. ఎవరి ఇంట్లో పిల్లకి జ్వరమో ముందు అడుగు, వాళ్లని పంపించు, ఆ పీరియడ్ నువ్వు తీసుకో.

శనివారం మధ్యాహ్నం నేనూ వస్తాను. పాత డెస్కులు దింపించడానికి ఇద్దరు మనుషుల్ని మాట్లాడి పెట్టు.