బెలూన్ బుట్టలోని గ్యాసు సిలిండర్లు ప్రమాదకరమా?

సంక్రాంతికి కోనసీమ మీదుగా మనుషులను మోసే వేడిగాలి బెలూన్ ఎగిరితే బుట్టలోని సిలిండర్లు పేలవా అన్నది ప్రశ్న. సిలిండరు పేలడం అరుదు. అసలు భయం సిలిండరు నుంచి బర్నరుకు, అంటే గాలిని వేడిచేసే మంటకు, ఇంధనం చేర్చే గొట్టాల దగ్గరే ఉంది. మన వంటింటి సిలిండరు పైనుంచి ఆవిరిని మాత్రమే ఇస్తుంది గాని, బెలూన్ సిలిండరు అడుగునుంచి ద్రవరూపంలోని ప్రొపేన్ అనే ఇంధనాన్నే బర్నరుకు పంపుతుంది కనుక, గొట్టంలో చిన్న చీలిక పడినా బయటికి చిమ్మిన ద్రవం సుమారు 270 రెట్ల ఆవిరిగా వ్యాపించి, గాలికన్నా బరువైనది కావడంతో బుట్టలోనే పేరుకుంటుంది. 2013 ఫిబ్రవరి 26న ఈజిప్టులోని లక్సర్‌లో, బెలూన్ దిగే వేళ గొట్టం లీకై మంటలు అంటుకోగా 19 మంది మరణించారు. అందుకే గొట్టాలను, అతుకులను ఎగిరే ముందే పరీక్షించాలి. బుట్ట నేలకు గట్టిగా తగిలేలా ఉంటే ముందుగానే వాల్వులు మూసి, గొట్టాల్లో మిగిలిన ఇంధనాన్ని కాల్చివేయాలి. నా దృష్టిలో, డెల్టాలో ఇంతకన్నా పెద్ద గండం వరిచేల మీదుగా, రొయ్యల చెరువుల గట్ల వెంట సాగే కరెంటు తీగలు. 2016లో టెక్సాస్‌లోని లాక్‌హార్ట్ వద్ద బెలూన్ అలాంటి తీగలకు తగిలే 16 మంది చనిపోయారు.