మీ నాయన కూడా ఆ నవలలో ఉన్నాడు

ప్రశ్న: మాది టంగుటూరు దగ్గర పల్లె. నాయన పొగాకు రైతు, ఆకును వేడితో ఎండబెట్టే సొంత బ్యారన్ ఉంది. నాకు 25 ఏళ్లు. బీటెక్ అయ్యాక ఒంగోలులో ఒక ఫైనాన్స్ కంపెనీలో చేరాను. జీతం 22 వేలు. అందులో సగం ఇంటి అప్పుల వడ్డీకే పోతుంది. సినిమా ఎడిటర్ కావాలని నా కోరిక. ఈ మధ్య ‘ఆల్కెమిస్ట్’ నవల చదివాక ఇక ఆగలేననిపించి, ఉద్యోగం మానేసి హైదరాబాద్ వెళ్తానని ఇంట్లో చెప్పేశాను. గట్టిగా కోరుకుంటే లోకమే సాయం చేస్తుందని అందులో ఉందంటే, ‘‘ఆ లోకమొచ్చి బ్యాంకులో వడ్డీ కట్టిద్దా?’’ అన్నాడు నాయన. అప్పట్నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. అమ్మ మధ్యలో నలిగిపోతోంది. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, మీ నాయన అడిగినదాంట్లో తప్పేం లేదు. పొగాకుకి మంచి రేటు రావాలని ఆయనకంటే గట్టిగా కోరుకున్నవాళ్లు మీ ఇంట్లో ఎవరున్నారు? అయినా వేలంలో ఎవరూ పాట పాడక, కొన్ని బేళ్లు నోబిడ్ అయి వెనక్కి వస్తూనే ఉంటాయి. అందుకే, అందరూ స్టేటస్‌లు పెట్టుకునే ఆ మాట నాకు పెద్దగా నచ్చదు. నవల మాత్రం ఇష్టమే. నిధి ఏమవుతుందోనన్న ఆత్రంలో నువ్వు గబగబా దాటేసిన పేజీలు కొన్ని ఉన్నట్టున్నాయి.

కలలో కనిపించిన నిధి కోసం పిరమిడ్లకు బయల్దేరిన ఆ గొర్రెల కాపరి కుర్రాడు మందను అమ్ముకుని సముద్రం దాటి ఆఫ్రికాలోని టాంజియర్‌లో దిగుతాడు. దిగిన రోజే, నమ్మినవాడు డబ్బంతా ఎత్తుకుపోతాడు. అప్పుడు వాడు చేసిందేమిటి? కొండమీద బేరాల్లేని గాజుసామాన్ల కొట్లోకి వెళ్లి, అన్నం పెడితే చాలు, దుమ్ము తుడుస్తానన్నాడు. ఆ కొట్లోనే దాదాపు ఏడాది ఉన్నాడు. సామాను వీధిలోకి కనబడేలా అద్దాల పెట్టె పెట్టించాడు. కొండెక్కి అలిసి వచ్చేవాళ్లకి అందమైన గాజుగ్లాసుల్లో టీ అమ్మించాడు. పోగొట్టుకున్నదానికి మించి సంపాదించాకే మళ్లీ ప్రయాణం కట్టాడు. పిరమిడ్ల గురించి చెప్పేవాళ్లు ఈ కొట్టు గురించి చెప్పరెందుకో!

రాసినాయన బతుకూ ఇలాంటిదే. పాలో కొయెలో 1947లో పుట్టాడు, ఈ నవల వచ్చింది 1988లో. ఈలోగా పాటలు రాశాడు, సంగీతం కంపెనీల్లో ఉద్యోగాలు చేశాడు. నవలను మొదట వేసిన చిన్న ప్రచురణ సంస్థ, అమ్ముడుపోవడం లేదని వదిలేసింది కూడా.

నీ గాజుసామాన్ల కొట్టు ఒంగోలులోనే ఉంది. పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలవాళ్లకి ఎడిటింగ్ చేసిపెట్టే మనిషి ఎప్పుడూ కావాల్సిందే. ఆషాఢంలో ముహూర్తాలుండవు కాబట్టి వాళ్లు కాస్త తీరిగ్గా ఉంటారు. అప్పుడే వెళ్లి కలువు. శ్రావణం వచ్చిందంటే చేతినిండా పని. ఉద్యోగం అలాగే ఉంచుకుని రాత్రుళ్లూ ఆదివారాలూ చెయ్. నాలుగు గంటల పెళ్లిని ఇరవై నిమిషాలకు కుదించడం, అదీ పెళ్లికూతురి మేనమామ అలగకుండా, చిన్న విద్యేం కాదు. ఆ డబ్బు వేరే ఖాతాలో వెయ్. ఆరు నెలలకు సరిపడా హైదరాబాద్ ఖర్చు, ఇంటికి పంపే వడ్డీతో కలిపి అందులో జమయ్యాక రాజీనామా సంగతి చూద్దువు. అప్పటికి పెద్ద ఎడిటర్ల దగ్గర చూపించడానికి చేసిన పనీ ఉంటుంది.

ఇక నాయన సంగతి. నవల్లో ఆ కుర్రాణ్ణి ఫాదరీని చేయాలని ఇంట్లోవాళ్ల ఆశ. వాడు దేశాలు తిరుగుతానంటే తండ్రి ముందు వాదించాడు. తర్వాత, ఎప్పుడో పొలంలో దొరికితే వారసత్వంగా ఇద్దామని దాచిన మూడు బంగారు నాణేలు చేతిలో పెట్టి, గొర్రెలు కొనుక్కోమన్నాడు. ఆ తండ్రి కళ్లలో కొడుక్కి కనిపించింది కోపం కాదు. తనకీ అలా తిరగాలని ఉండేది, తిండీ గూడూ చూసుకునేసరికి ఆ కోరిక అడుగున పడిపోయింది. ఆ పేజీ మళ్లీ చదువు. మీ నాయన దగ్గర నాణేలు లేకపోవచ్చు, కానీ నీ ఇంజినీరింగ్ ఫీజులు ఏ పంట డబ్బుతో కట్టాడో ఎప్పుడైనా అడిగావా? పాతికేళ్లప్పుడు ఆయనకేం కావాలని ఉండేదో అడిగావా?

వేలాలు ముగిసి డబ్బు ఖాతాలో పడేదాకా హైదరాబాద్ మాట ఎత్తకు. బేళ్లు తిరిగొచ్చిన రోజు అసలే వద్దు. ఆ తర్వాత కూర్చుని అప్పులన్నీ కాగితం మీద రాయించు. బ్యాంకుది ఎంత, బంగారం మీద ఎంత, బయట ఎంత. నువ్వు ఏది తీరుస్తావో, ఎప్పటికి తీరుస్తావో ఆయన ముందే రాయి. పుస్తకంలో మాటలకంటే ఆ కాగితం ఆయనకి బాగా అర్థమవుతుంది. అయినా ఒప్పుకోకపోతే? ఒప్పుకోకపోవచ్చు కూడా. నీ వంతు వడ్డీ ఆగకుండా వెళ్లే ఏర్పాటు ఉంటే, అప్పుడు వెళ్లడం తప్పని నేననను.

అమ్మ చేత కబుర్లు పంపడం మాత్రం ఈరోజే ఆపెయ్. రాత్రి అన్నం దగ్గర నువ్వే పలకరించు. వేలంలో ఈ వారం రేటెంత ఉందనైనా సరే.