మూన్‌స్టోన్ కదులుతోంది, అంచు ముడత పడుతోంది: సమాధానం

నగలో మూన్‌స్టోన్ (చంద్రకాంత మణి) బిగించడానికి రాయి చుట్టూ వెండి అంచు ఒత్తుకుంటూ వెళ్తే చివర్లో ముడత మిగులుతోంది, రాయి కూడా ఆడుతోంది అన్నారు కదండీ. ఒక పక్క నుంచి వరుసగా ఒత్తితే మిగులు వెండంతా చివరికే చేరుతుంది. అలా కాకుండా ముందు పైన ఒత్తండి, తర్వాత సరిగ్గా ఎదురుగా కింద, ఆపైన కుడి, ఎడమ. నాలుగు వైపులా పట్టు కుదిరాకే మధ్య ఖాళీల్లోకి రండి.

రాయి చుట్టూ అంచుగా వాడిన పట్టీ 925 వెండా (వెయ్యి పాళ్లలో 925 పాళ్లే వెండి)? అది కాస్త గట్టి. 999, అంటే దాదాపు స్వచ్ఛమైన వెండి అయితే సులువుగా వంగుతుంది. అంచు మరీ ఎత్తున్నా ముడత పడుతుంది, తగ్గించండి. అడుగున టంకం గడ్డకట్టినా రాయి ఆడుతుంది, కూర్చోబెట్టే ముందే గీకేయండి. మూన్‌స్టోన్ పొరలుగా చీలే రకం, బలంగా నొక్కొద్దు. చేయి తిరిగేదాకా చవకైన అగేట్ రాయి చాలు, పచ్చ (ఎమరాల్డ్) జోలికి ఇప్పుడే వెళ్లకండి.