45 రోజుల సెలవు, 60 రోజుల నెలసరి: ‘అబ్బాయి పుట్టే రోజు’ ఉందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 29. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఒక పాప, అయిదేళ్లు. మా ఆయన కువైట్‌లో డ్రైవర్. రెండేళ్లకోసారి వస్తారు. ఈసారి సంక్రాంతికి 45 రోజుల సెలవు మీద వస్తున్నారు, ఇంకా నాలుగు నెలలుంది. పాప పుట్టాక 62 కేజీల నుంచి 78కి పెరిగాను. అప్పటి నుంచి డేట్ సరిగా రావడం లేదు. ఒకసారి 35 రోజులకు వస్తే ఇంకోసారి 60 రోజులకు వస్తుంది. అండం విడుదలైన రోజే కలిస్తే అబ్బాయి, రెండు మూడు రోజుల ముందు కలిస్తే అమ్మాయి పుడుతుందని వాట్సాప్‌లో ఒక చార్ట్ వచ్చింది. డేట్ సరిగా రాని నేను ఆ రోజును ఎలా కనిపెట్టాలి? మా ఆడపడుచు ఒక పొడి కూడా తెచ్చిచ్చింది, నెల తప్పాక ఆవుపాలతో తాగాలట. మళ్లీ ఆడపిల్లే అయితే ఇంట్లో మాటలు పడాలి. సలహా ఇవ్వగలరు.

జవాబు: అమ్మా, మీరు రాసిన రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. సెలవు 45 రోజులు. నెలసరి ఒక్కోసారి 60 రోజులు. అంటే ఆయన ఇంట్లో ఉన్నన్నాళ్లలో మీకు అండం ఒక్కసారే విడుదల కావచ్చు, అసలు విడుదల కాకపోనూ వచ్చు. మీరేమో ఆ రోజున అబ్బాయి ఎలా అని అడుగుతున్నారు. ఆ రోజు వస్తుందా రాదా అన్నది ముందు చూసుకోవాలి కదా.

చాలామంది డేట్ వచ్చిన రోజు నుంచి ముందుకు పద్నాలుగు రోజులు లెక్కపెడతారు. లెక్క వెనక నుంచి పెట్టాలి. అండం విడుదలయ్యాక సుమారు రెండు వారాలకు డేట్ వస్తుంది, ఈ రెండు వారాలు పెద్దగా మారవు. మారేది దానికి ముందున్న భాగం. 35 రోజులకు డేట్ వచ్చిన నెలలో మీకు అండం 21వ రోజు చుట్టుపక్కల విడుదలై ఉంటుంది. 60 రోజులకు వచ్చిన నెలలో అయితే 46వ రోజు ప్రాంతంలో, అదీ విడుదలై ఉంటేనే. మధ్యలో 25 రోజుల తేడా. వచ్చే డేట్ ఎప్పుడో తెలియకుండా వెనక్కి ఎక్కడి నుంచి లెక్కపెడతాం? ఫోన్‌లో యాప్ చేసేది కూడా పాత నెలల సగటు తీసి ఒక రోజుకు రంగు వేయడమే. నెలనెలా సరిగ్గా వచ్చేవాళ్లకు అది కొంత పనికొస్తుంది, మీకు రాదు.

ఇక చార్ట్ సంగతి. 1960ల్లో అమెరికాలో షెటిల్స్ అనే డాక్టర్ ఈ వాదం ప్రచారంలోకి తెచ్చారు. మగబిడ్డనిచ్చే వై క్రోమోజోమ్ ఉన్న వీర్యకణాలు తేలిగ్గా, చురుగ్గా ఉండి ముందు చేరతాయని, ఆడబిడ్డనిచ్చే ఎక్స్ కణాలు నెమ్మదైనా ఎక్కువ రోజులు బతుకుతాయని ఆయన చెప్పారు. వినడానికి బాగానే ఉంది, అందుకే ఇన్నేళ్లు బతికింది. తర్వాత కంప్యూటర్ సాయంతో కణాల కదలికలు కొలిస్తే ఆ వేగం తేడా కనబడలేదు. 1995లో అమెరికాలోనే పిల్లల కోసం ప్రయత్నిస్తున్న 221 మంది స్త్రీలకు రోజూ మూత్ర పరీక్షలు చేసి, ఏ రోజు కలిశారో, అండం ఏ రోజు విడుదలైందో, ఎవరికి ఏ బిడ్డ పుట్టిందో రాసి చూశారు. కలిసిన రోజుకూ బిడ్డ ఆడా మగా అన్నదానికీ సంబంధం కనబడలేదు. ఇంకో విషయం మాత్రం స్పష్టంగా తేలింది: గర్భం వచ్చేది అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు అయిదు రోజులు, మొత్తం ఆరు రోజుల్లో కలిసినప్పుడే. మర్నాటికి దాదాపు తలుపు మూసుకుపోయినట్టే. వీర్యకణాలు లోపల అయిదు రోజుల దాకా ఉండగలవు కానీ, అండం ఆయుష్షు 12 నుంచి 24 గంటలే.

ఇప్పుడు మీ చార్ట్ చెప్పినట్టు చేస్తే ఏమవుతుందో చూడండి. ‘ఆ రోజు’ దాకా ఆగుతారు. మంచి అవకాశమున్న అయిదు రోజులు అలా పోతాయి. ఆరో రోజు ఎప్పుడో మీకు తెలియదు. తెలిసేసరికి దాటిపోతుంది. ఆయన విమానం ఎక్కేస్తారు, మళ్లీ రెండేళ్లు. అబ్బాయి కోసం పట్టుబట్టి అసలు బిడ్డే లేకుండా చేసుకునే పద్ధతి ఇది.

మరి ఫలానా వాళ్లకు పనిచేసిందట అంటారు. పనిచేస్తుంది. లోకంలో ఎవరూ ఏ చార్టూ చూడకపోయినా, పుట్టే వందమందిలో ఇంచుమించు 51 మంది మగపిల్లలే. నేను రేపటి నుంచి నా దగ్గరికొచ్చే అందరికీ తులసి తీర్థమిచ్చి అబ్బాయేనని చెప్పినా సగం మంది స్వీట్ డబ్బాతో వస్తారు. మిగతా సగం మంది వచ్చి నన్నేమీ అడగరు. అరటిపళ్లు ఎక్కువ తింటే మగపిల్లాడు అనే మాట కూడా అంతే. అదే నిజమైతే రావులపాలెం అరటి మార్కెట్ చుట్టుపక్కల ఆడపిల్లే పుట్టకూడదు!

అండం విడుదల చూపించే స్ట్రిప్‌లు మెడికల్ షాపులో దొరుకుతున్నాయి, అవి కొంటే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. ఆ మధ్య ఒకావిడ పూతరేకుల డబ్బా తెచ్చి నా బల్ల మీద మూత తీసింది. లోపల వరసగా పదకొండు స్ట్రిప్‌లు, ప్రతి దాని మీద బాల్‌పెన్నుతో తారీఖు. పదకొండింటి మీదా రెండేసి గీతలు. “రోజూ అండం వస్తోందా డాక్టర్ గారూ?” అని అడిగింది. స్ట్రిప్ చూసేది అండాన్ని కాదు, దాన్ని విడుదల చేయమని మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి పంపే ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ని. మామూలుగా అది అండం విడుదలకు ఒకటి ఒకటిన్నర రోజుల ముందు ఒక్కసారిగా పెరుగుతుంది. అండాశయాల్లో నీటి బుడగలని మనవాళ్లు చెప్పుకునే పీసీఓడీ ఉన్నవాళ్లలో కొందరికి అది ఎప్పుడూ ఎక్కువగానే ఉంటుంది. గీత వస్తుంది, అండం రాదు. మీ బరువు, డేట్ తీరు చూస్తే మీకూ పీసీఓడీ ఉండొచ్చని నా అనుమానం. పరీక్ష చేయకుండా ఖాయంగా చెప్పలేను.

ఆ పొడి విషయంలో మాత్రం గట్టిగానే చెప్తాను. వాడకండి. బిడ్డ ఆడా మగా అన్నది అండంలోకి వీర్యకణం చేరిన క్షణంలోనే తేలిపోతుంది. నెల తప్పాక, నెలన్నరకో రెండు నెలలకో తాగే పొడి ఆడపిల్లను మగపిల్లాడిగా మార్చేదేమీ లేదు. చెడగొట్టడం మాత్రం చేతనవుతుంది, ఎందుకంటే గుండె, మెదడు, జననాంగాలు తయారయ్యే రోజులు సరిగ్గా అవే. హర్యానాలో అబ్బాయి పుట్టడానికని అమ్మే ఇలాంటి పొడులు, గింజలు తెచ్చి పరీక్షిస్తే కొన్నింటిలో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ బయటపడింది. వాటిని వాడిన తల్లులకు పుట్టిన పిల్లల్లో అవయవ లోపాలు ఎక్కువగా కనిపించాయి. కడుపులో ఉన్నది ఆడపిల్ల అయినప్పుడు మగ హార్మోన్ పడితే ఆ బిడ్డ జననాంగాల రూపమే తేడాగా తయారయ్యే ప్రమాదం ఉంది. మీ ఆడపడుచు ప్రేమతోనే తెచ్చి ఉంటుంది, కాదనను. మొహమాటపడి దాచిపెట్టకండి. ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు ఏదో ఒక రోజు పాలల్లో కలుపుతారు.

మీరు అడగలేదు కానీ, ఈ ప్రశ్న వెనకాలే వచ్చే ఇంకో ప్రశ్న నాకు తెలుసు: స్కానింగ్‌లో చెప్పించుకోవచ్చా, పెద్ద ఊళ్లలో ముందే ఎంచుకునే పద్ధతి ఉందట కదా అని. 1994లో వచ్చిన లింగ నిర్ధారణ నిరోధక చట్టాన్ని 2003లో సవరించి, గర్భం రాకముందు చేసే ఎంపికను కూడా నిషేధించారు. చెప్పిన డాక్టర్‌కే కాదు, అడిగిన కుటుంబానికీ శిక్ష ఉంది. అడిగినవాళ్లకు మొదటిసారే మూడేళ్ల దాకా జైలు, 50,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఆ ఇంటి ఆడమనిషి విషయంలో మాత్రం, వేరేగా రుజువైతే తప్ప, భర్తో బంధువులో బలవంతం చేశారనే చట్టం భావిస్తుంది. గర్భిణికి స్కానింగ్ చేసే ముందు మీ చేత ఫారం ఎఫ్ మీద సంతకం పెట్టిస్తారు. బిడ్డ ఆడో మగో తెలుసుకోవాలని లేదని మీరు రాసిచ్చే కాగితం అది. చాలామంది చదవకుండానే పెట్టేస్తారు.

అత్తగారికి ఒక ముక్క: ఆడా మగా తేల్చే క్రోమోజోముల్లో ఆడదానిలో ఉన్నవి రెండూ ఎక్స్‌లే, వై వచ్చేది మగవాడి నుంచే. ఇది పదో తరగతి పిల్లలకూ తెలుసు. అలాగని తప్పు మీ అబ్బాయిదీ కాదండి. ఏ కణం ముందు చేరాలో ఆయన చేతిలోనూ లేదు.

ఇప్పుడు అసలు పని. నాలుగు నెలలుంది, చాలా సమయం. ఈ వారంలోనే దగ్గర్లోని గైనిక్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్, షుగర్ మూడు నెలల సగటు, రక్తం శాతం చూపించుకుని, ఒక స్కాన్ తీయించుకోండి. థైరాయిడ్ తేడా ఒక్కటే ఉండి, మాత్రలతో డేట్ దారిలో పడ్డవాళ్లు నా దగ్గరే చాలామంది ఉన్నారు. బరువు 62కి దిగాలని పెట్టుకోకండి, దిగులుతోనే ఆగిపోతారు. 78లో నాలుగు నుంచి ఎనిమిది కేజీలు తగ్గినా చాలామందిలో అండం మళ్లీ విడుదలవడం మొదలవుతుంది. మన వైపు మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం, మధ్యలో టీతో పాటు ఏదో ఒక తీపి. రాత్రి అన్నం సగం చేసి ఆ జాగాలో కూరో చేపో పప్పో పెంచండి. సాయంత్రం కాలవ గట్టు మీద అరగంట పైన వేగంగా నడవండి, పాపను సైకిల్ మీద వెంట రానివ్వండి. ఫోలిక్ యాసిడ్ ఇప్పటి నుంచే మొదలుపెట్టండి. మామూలుగా రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు. మీ బరువు, షుగర్ చూసి ఎక్కువ కావాలంటే డాక్టర్ చెబుతారు.

డిసెంబర్‌కల్లా కూడా డేట్ కుదరకపోతే, ఆయన సెలవులో పడేలా అండం పెంచే మాత్ర, సాధారణంగా లెట్రోజోల్, డేట్ వచ్చిన రెండో రోజుకూ అయిదో రోజుకూ మధ్య మొదలుపెట్టి అయిదు రోజులు ఇస్తారు. తర్వాత ఒకట్రెండు స్కాన్‌లలో అండం ఎంత పెరిగిందో చూస్తారు. దీన్నే ఫోలికల్ స్టడీ అంటాం. ఈ మాత్రను పక్కింటావిడ చీటీ చూపించి తెచ్చుకోకండి. కవలలు కలగొచ్చు, ఇంకా వేరే లెక్కలూ ఉంటాయి. అందుకే ఆయన టికెట్ తారీఖు ఖాయం చేయకముందే డాక్టర్‌తో మాట్లాడమంటున్నాను. డేట్ అయిన వారంలో దిగితే ఒక లెక్క, మధ్యలో దిగితే ఇంకో లెక్క. సంక్రాంతికి వారం అటూ ఇటూ అయినా పర్వాలేదా అని ఆయన్ను అడగండి. పండక్కి అల్లుడు లేకపోతే ఎలా అని మీ పుట్టింటివాళ్లు బాధపడతారు, అది వేరే సంగతి.

ఆయనకు మీరు ఈ రాత్రి ఫోన్‌లో చెప్పాల్సింది ఒకటుంది. వీర్యకణం తయారు కావడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది. సిగరెట్టో ఖైనీయో ఉంటే ఇప్పుడు మానేస్తేనే జనవరికి ఫలితం. వచ్చిన మొదటి వారంలోనే వీర్య పరీక్ష చేయించండి, పరీక్షకు ముందు రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండాలి. ఆ తర్వాత ఏ రోజని లెక్కలు వేయకుండా, సెలవు మొత్తం రెండు మూడు రోజులకోసారి కలవండి. అండం ఎప్పుడు వచ్చినా అప్పటికే కణాలు లోపల ఎదురుచూస్తూ ఉంటాయి. ఆడా మగా టెన్షన్ గదిలోకి తెస్తే ఇద్దరికీ అది పరీక్షలా మారుతుంది. అలాంటి జంటలను చాలామందిని చూశాను.

చివరగా మీలాంటి ఇళ్లలో మాత్రమే వచ్చే ఒక చిక్కు. డేట్ ఆలస్యంగా వచ్చేవాళ్లు రోజులు దాటాయని చూస్తూ కూర్చోనక్కర్లేదు, చివరిగా కలిసిన మూడు వారాలకు ఇంట్లోనే టెస్ట్ చేసుకోవచ్చు. పాజిటివ్ అయితే ఏడు నుంచి పన్నెండు వారాల మధ్య స్కాన్ తీయించి ఆ రిపోర్ట్ జాగ్రత్తగా దాచండి. ఎందుకంటే ఆసుపత్రి కార్డు మీద వారాలు చివరి డేట్ నుంచి లెక్కేసి రాస్తారు, గర్భం వచ్చిన రోజు నుంచి కాదు. మీ విషయంలో చివరి డేట్ ఆయన రాకకు నెల ముందే అయి ఉండొచ్చు. కార్డు మీద పది వారాలని ఉంటుంది, ఆయన దిగి అయిదారు వారాలే అయి ఉంటుంది. ఈ తేడా అర్థంకాక కువైట్‌కు ఫోన్లు వెళ్లి, పెద్దమనుషులు నా గది దాకా వచ్చిన రోజులున్నాయి. తొలి స్కాన్‌లో బిడ్డ పొడవు కొలిచి చెప్పే వయసే సరైనది, అందులోంచి రెండు వారాలు తీసేస్తే గర్భం నిలిచిన రోజు ఇంచుమించుగా వస్తుంది. ఆ స్కాన్ రోజున ఆయన ఇక్కడే ఉంటే వెంట తీసుకెళ్లండి. వెళ్లిపోయి ఉంటే రిపోర్ట్ ఫొటో తీసి ఆయనకు పంపండి, అత్తగారికి మీరే చదివి వినిపించండి.