వెల్ష్‌లో 'ప', ఐరిష్‌లో 'క': రెండూ ఒకే మూలానివేనా? – సమాధానం

'తల' అనే అర్థమున్న వెల్ష్ 'పెన్', ఐరిష్ 'క్యాన్' మాటలకు పోలికే లేదు కదా, బంధువులెలా అవుతాయని అడిగారు. నిస్సందేహంగా బంధువులే. ఈ భాషలన్నిటికీ మూలమైన ఆదిమ కెల్టిక్‌లోని 'క్వ' ధ్వని వెల్ష్, కార్నిష్, బ్రెటన్ భాషల్లో 'ప'గా మారగా, ఐరిష్, స్కాటిష్ గేలిక్, మాంక్స్‌లలో చివరకు 'క'గా స్థిరపడింది. నాలుగుకు వెల్ష్ 'పెద్వర్', ఐరిష్ 'క్యాహిర్' అన్న మాటలు అలా విడిపోయినవే. ఐర్లండ్‌లో ఓగమ్ అనే ప్రాచీన గీతల లిపిలో ఉన్న రాతి శాసనాల్లో 'కొడుకు యొక్క' అనే అర్థంలో 'మక్వి' అనే మాటను, 'క'కు వాడే గీతలతో కాకుండా 'క్వ'కు ప్రత్యేకించిన ఐదు గీతలతో చెక్కారు. ఆ మాటే నేటి ఐరిష్ 'మాక్', వెల్ష్‌లో 'మాబ్'.

అయితే ఇలాంటి జత కనిపించగానే వారసత్వమని తీర్మానించకండి. సంతానాన్ని సూచించే వెల్ష్ 'ప్లాంట్', ఐరిష్ 'క్లాన్' రెండూ లాటిన్ 'ప్లాంటా' నుంచి అరువు వచ్చినవి. అప్పటి ఐరిష్‌లో 'ప' ధ్వనే లేనందున దాని స్థానంలో 'క్వ' పలికారు. కాబట్టి ముందు లాటిన్ నిఘంటువు చూడండి.