మేనల్లుడు అమెరికా పోతే రేషన్ కార్డు ఉంటదా?

చెల్లెకు అన్న రాయునది,

మొన్న ఫోన్ల నువ్వు అడిగినదానికి సరిగ్గ జవాబు చెప్పలేకపోయిన. నీ పక్కన బావ ఉన్నడు, బావ పక్కన పైదేశం చదువులకు పంపే ఆ హన్మకొండ కన్సల్టెన్సీ పిలగాడు ఉన్నడు. ముగ్గురు ఒక్కసారి మాట్లాడితే నాకు ఎవ్వరి మాటా ఒంటబట్టది. అందుకే కాయితం పెడుతున్న. బావకు చదివి వినిపించు.

"మా పిలగాడు అమెరికా పోతే మన రేషన్ కార్డు కొట్టేస్తరా అన్నా?" అన్నవు. కొట్టెయ్యరు. పిల్లలు పైదేశంల చదువుతున్నరని ఇంటి కార్డు తీసెయ్యాలన్న రూలు లేదు. అతని పేరు మీద వచ్చే బియ్యం ఒక్కటే ఆగుతది. మీ కార్డుల ఐదు పేర్లు. మనిషికి 6 కిలోల సన్నబియ్యం లెక్కన నెలకు 30 కిలోలు తెచ్చుకుంటున్నరు, ఇగ 24 వస్తయ్. ఊర్ల లేనోడు డీలరు మిషన్ మీద వేలిముద్ర ఎట్ల పెడ్తడు? ఈకేవైసీ అడిగిననాడు అతని పేరు తేలనే తేలుతది. అందాక ఆగొద్దు. విమానం ఎక్కిన నెలల మీసేవకు పోయి పేరు తీసెయ్యమని మీరే దరఖాస్తు పెట్టుండ్రి. రసీదు దాచిపెట్టు. తర్వాత కొత్త ప్రింటు తీసి చూసుకో. ఒక ఇంట్ల కొడుకు పేరు తియ్యమంటే తల్లి పేరు ఎగిరిపోయింది, ఆమెను మళ్ల ఎక్కించేటందుకు ఎనిమిది నెలలు తిరిగిండ్రు.

నాకు అసలు భయం అక్కడ లేదు. ఆ కన్సల్టెన్సీ పిలగాడు బావకు చెప్పిన మాట దగ్గర ఉన్నది. "మూడేండ్ల ఐటీ రిటర్నులు ఏద్దాం, ఏడాదికి 9 లక్షలు చూపెడ్దాం, సీఏ సర్టిఫికెట్ మేమే ఇప్పిస్తం" అన్నడట గద?

చెల్లే, నేను గిర్దావర్‌గ, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌గ, ఉన్నప్పుడు ఆదాయం ఎంక్వైరీలు ఎన్ని రాసిన్నో లెక్క లేదు. నీకు కాబట్టి చెప్తున్న, అండ్ల సగం ఇంటి మొహం చూడకుంటనే రాసిన. హోటల్ల చాయ్ తాగుకుంట "వ్యవసాయం మీద 60 వేలు" అని రాసి సంతకం గీకేది. అది తప్పే. కని ఆ రోజులల్ల ఆ కాయితం మా ఆఫీసు బీరువ దాటి పోకపోయేది. ఇప్పుడు పాన్‌కు ఆధార్ కట్టి ఉన్నది, బ్యాంకు ఖాతాకు ఆ రెండూ కట్టి ఉన్నయ్. వీసా కోసం 9 లక్షలని ఒక దిక్కు రాసి, తహసీల్దారు ఆఫీసుల లక్షా ఇరవై వేలని ఇంకో దిక్కు రాస్తే, ఆ రెండు కాయితాలు ఏదో ఒకనాడు ఒక్క బల్ల మీదికి వస్తయ్.

వస్తే ఏమేం పోతదో లెక్కబెట్టుకో. రేషన్ కార్డుకు ఊర్లల్ల ఏడాదికి 1.5 లక్షలు, పట్నంల 2 లక్షలు హద్దు. భూమి అయితే తరి (నీళ్ల పారకం) 3.5 ఎకరాలు, ఖుష్కి (మెట్ట) 7.5 ఎకరాలు. కార్డు పోతే బియ్యం ఒక్కటే పోదు. 200 యూనిట్ల కరెంటు, 500 రూపాయల గ్యాసు, 10 లక్షల దాక ఆరోగ్యశ్రీ, అన్నీ ఆ కార్డు కొంగుకే ముడేసి ఉన్నయ్. బావకు పోయినేడు ఛాతీల నొప్పి వచ్చి ఎంజీఎం దవాఖానకు ఉరికినం, యాది ఉన్నది గద? నీ బిడ్డ, మన కోడలు, బీటెక్ ఫీజు రీయింబర్స్‌మెంటుకు గూడ ఊరోళ్లకు అదే 1.5 లక్షల హద్దు. రేపు ఆమె పెండ్లికి కల్యాణలక్ష్మి 1,00,116 అడగాలన్నా అదే. పీఎం కిసాన్ ఏడాదికి 6,000 ఇన్‌కం టాక్స్ కట్టినోళ్లకు ఇయ్యరు. 9 లక్షలు చూపెడితే టాక్స్ కట్టాలెనో వద్దో ఆ పిలగాన్నే అడుగు.

రైతు భరోసా సంగతి వేరు. అది భూమిని చూసి ఎకరానికి ఏడాదికి 12,000 ఇచ్చేది, కొడుకు ఏడ చదివినా దానికేం కాదు. కని బావ ఇంకో మాట అన్నడట, బ్యాంకుల బలంగ కనబడాలని రెండెకరాలు అల్లుని పేరు మీద చేస్త అని. చెయ్యొద్దను. వ్యవసాయ భూమిని చదువు లోన్‌కు చాన బ్యాంకులు కుదువ పెట్టుకోవు, ఇల్లో ప్లాటో అడుగుతయ్. పైగ పీఎం కిసాన్‌ల 2019 ఫిబ్రవరి 1 తర్వాత పేరు మారిన భూమికి, వారసత్వం అయితే తప్ప, పైసలు రావు. ఎన్నారైకి అసలే ఇయ్యరు. బావకు ఇంకా 59 నిండలే. భూమి ఆయన పేరు మీద ఉన్నంత కాలమే 5 లక్షల రైతు బీమా. ఉన్నదంతా కొడుకు పేర రాస్తే ఆ బీమా గూడ పాయె.

అత్తమ్మ పింఛను గురించి గాబరా పడకుండ్రి. ఆసరా రూలు పింఛను తీసుకునేటోళ్ల పిల్లలకు ఉద్యోగం ఉన్నదా అని అడుగుతది. అత్తమ్మ పిల్లలంటే మన బావ. మనుమడు ఏడున్నా ఆమె 2,016 రూపాయలకు ఢోకా లేదు. మీ ఇద్దరి సంగతి అట్ల కాదు. మీకు 57 నిండేనాటికి అల్లుడు అక్కడ నౌకరిల ఉంటే, మీకు పింఛను రాదు. అడగొద్దు గూడ. కొడుకు డాలర్లు పంపంగ పింఛను లైన్ల నిలబడ్డోళ్లను నేను చూసిన, నాకే తలకాయ వంగింది. చదువుతున్నన్ని రోజులు అతనికి రాబడి లేదు, అప్పే ఉంటది. అందాక ఏదీ ఇడిచిపెట్టే పని లేదు. జీతం మొదలైనంక మాట వేరు.

ఇగ జ్యోతిబా ఫూలే బీసీ విదేశీ విద్యానిధి. 20 లక్షలు ఇస్తరు, ఇంటి ఆదాయం 5 లక్షల లోపు ఉండాలె, డిగ్రీల 60 శాతం రావాలె. 5 లక్షల లోపు అంటే 4.80కి సర్టిఫికెట్ తీయాలని కాదు. బావకు మిర్చి, పత్తి మీద ఖర్చులు పోను మిగిలేది ఎంతో అదే రాయించుండ్రి, అదే అన్నిటికీ పనికొస్తది. ఇంకో సంగతి బావ చెవిల గట్టిగ ఏయి. ఆ పైసలు ముందు రావు. అక్కడ దిగినట్టు ఇమిగ్రేషన్ కాయితం పెడితే మొదటి 10 లక్షలు, మొదటి సెమిస్టర్ ఫలితాలు పెడితే తక్కిన 10 లక్షలు. అది గూడ సర్కారు నిధులు ఇడిచినప్పుడే. వాటిని నమ్ముకొని మొదటి ఫీజు కడ్తమంటే కుదరది.

ఆ విద్యానిధి ఇంటికి ఒక్కరికే. జీవితంల ఒక్కసారే. అల్లుడు తీసుకుంటే కోడలికి ఇగ లేదు. ఈ ముచ్చట కన్సల్టెన్సీల ఎవ్వరు చెప్పరు, ఇంట్ల గూడ ఎవ్వరు మాట్లాడరు. ఇంటర్ల, ఎంసెట్‌ల ఎవరికి ఎక్కువ వచ్చినయో నీకు తెలుసు. ఆమెకు పైచదువు మీద మనసు ఉన్నదో లేదో ఎన్నడన్న అడిగినవా? నేను అల్లుని వద్దంటలేను. దరఖాస్తు మీద సంతకం పెట్టకముందు ఆమెను కూసోబెట్టి అడుగుండ్రి అంటున్న. అడగకుంట తీసుకుంటే రేపు రాఖీ కట్టేటప్పుడు ఇద్దరికీ ఇబ్బందే.

లోన్ సంగతి. ఇక్కడి చదువులకు వడ్డీ సర్కారు కట్టే స్కీము ఉన్నది గని పైదేశం చదువుకు అది వర్తించది. బీసీలకు వేరే వడ్డీ స్కీము ఏమన్న వర్తిస్తదేమో బ్యాంకుల అడుగుండ్రి, లేకుంటే వడ్డీ మీ మీదనే పడుతది. చదువు నడుస్తున్నప్పుడే నెలకింత వడ్డీ కట్టుకుంట పోతే చివరికి నడ్డి విరగది.

మరి 9 లక్షల రిటర్ను లేకుంటే వీసా ఎట్ల అని బావ అడుగుతడు. స్పాన్సర్‌గ తల్లిదండ్రులే ఉండాలని ఏడ లేదు. మేనమామను నేను ఉన్న గద? నా పింఛను, హన్మకొండ ఇంటి కిరాయి, ఏండ్ల సంది కడుతున్న టాక్స్ రిటర్నులు, అన్నీ నిజమైనవే. ఆ కాయితాలల్ల నా పేరు రాయుండ్రి. బ్యాంకు కుదువ అడిగితే ఇంటి కాయితాలు గూడ ఇస్త. మీ వదినెతోని మాట్లాడిన, మొదట ఊకున్నది, తెల్లారి "మన అల్లుడే గద" అన్నది.

ఒక్కటే షరతు. మీ ఇంటి ఆదాయం ఎంతో నిజంగ రాసిన ఒక్క కాయితమే అన్ని చోట్ల పెట్టాలె. ఆ సీఏ సర్టిఫికెట్‌కు అడ్వాన్సు ఇచ్చి ఉంటే పోనీయుండ్రి, పోయినయనుకొని మర్చిపోండ్రి.

సోమవారం పొద్దుగాల నర్సంపేట బస్సుకు వస్త. పట్టా పాసుబుక్కు, కార్డు, అందరి ఆధార్‌లు రెండు రెండు జిరాక్సులు తీసిపెట్టు. కోడలిని ఆ రోజు కాలేజీకి పంపకు, ఇంట్లనే ఉండమను.

మీ అన్న