ఓవిరాప్టర్ దొంగ కాదు

ప్రశ్న: మా అబ్బాయి ఏడో తరగతి. డైనోసార్ల పిచ్చి. నోట్‌బుక్‌లో ఒక్కోదానికి ఒక్కో స్వభావం రాసుకుంటున్నాడు. టీ-రెక్స్ కోపిష్ఠి, స్టెగోసారస్ మొద్దు, ఓవిరాప్టర్ దొంగ, మయాసారా మంచి అమ్మ. ఎప్పుడో అంతరించిన జంతువుల గుణాలు నిజంగా తెలుస్తాయా సార్? ఇలాంటివి రాయనివ్వవచ్చా?
- ఒక తల్లి, కరీంనగర్

జవాబు: నిక్షేపంగా రాయనివ్వండమ్మా. ఓవిరాప్టర్‌ని మాత్రం ఈరోజే దొంగల జాబితాలోంచి తీయించండి. దానికి జరిగిన అన్యాయం తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

1923లో మంగోలియాలోని గోబీ ఎడారిలో, అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ వాళ్లకు ఒక గుడ్ల గూడు, దాని మీదే ఒక డైనోసార్ ఎముకలు దొరికాయి. గుడ్లు ప్రోటోసెరాటాప్స్ అనే వేరే జంతువువి అనుకున్నారు. దాంతో ఇది గుడ్ల కోసం వచ్చి అక్కడే చచ్చిందన్న అనుమానం పుట్టింది. మరుసటి ఏడాది శాస్త్రవేత్త హెన్రీ ఫెయిర్‌ఫీల్డ్ ఆస్‌బోర్న్, గుడ్లు ఎత్తుకుపోయేది అనే అర్థంలో ఓవిరాప్టర్ అని పేరు పెట్టాడు. ఈ పేరు దాని తిండి విషయంలో, గుణం విషయంలో మనల్ని పొరపాటు పడేలా చేయవచ్చని ఆయనే, పేరు పెట్టిన ఆ వ్యాసంలో రాశాడు. ఆ హెచ్చరిక మరుగున పడింది, దొంగ అన్న ముద్ర మిగిలింది. 1993లో అదే ఎడారిలో, అదే రకం గుడ్డులో పిండం ఎముకలు బయటపడ్డాయి. చూస్తే అది ఓవిరాప్టర్ కుటుంబానికి చెందిన పిల్ల! వీటి బంధువే అయిన సిటిపాటి అయితే, పొదుగుతున్న కోడిపెట్టలా గుడ్ల మీద కూర్చుని, చేతులు చుట్టూ చాపి, అలాగే శిలాజమై దొరికింది. డెబ్బై ఏళ్లు మనం దొంగ అన్నది, బహుశా తన గూడు మీద తానున్న జీవిని.

మయాసారాకు కొంత ఆధారం ఉంది. అమెరికాలోని మోంటానాలో గూళ్లలో పిల్లల ఎముకలు దొరికాయి. పళ్లు అరిగి ఉన్నాయి, అంటే గూటిలో ఉండగానే తిండి తింటున్నాయి. ఆ తిండి తెచ్చిపెట్టింది తల్లో తండ్రో ఎముకలు చెప్పవు కాబట్టి, 'పిల్లల్ని సాకేది' అని రాయమనండి. స్టెగోసారస్ మెదడు ఒంటితో పోలిస్తే చాలా చిన్నది, నిజమే. అంతమాత్రాన మొద్దు అనకూడదు. టీ-రెక్స్ వేటాడిందంటే ఆకలితో, కోపంతో కాదు.

ఇంకో సంగతి, స్వభావం జాతి మొత్తానికి ఒకటే ఉండదు. మా పెరట్లో ఒక కోడి నా చేతిలో నూకలు తింటుంది, దాని తోబుట్టువు చెప్పుల చప్పుడుకే గోడెక్కుతుంది. టీ-రెక్స్‌లలోనూ పిరికివి ఉండే ఉంటాయి.

బాబుని హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియానికి తీసుకెళ్లండి. మన తెలంగాణలోని యామనపల్లిలో దొరికిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం అక్కడ నిలబడి ఉంది. ఆ తవ్వకంలో పన్నెండు జంతువులకు తక్కువ కాకుండా ఎముకలు ఒకేచోట కలగలిసి దొరికాయి. చూడగానే 'స్నేహశీలి' అని రాస్తాడేమో. గుంపుగా తిరిగి ఉండవచ్చు, చచ్చాక వరద ఎముకల్ని అక్కడికి చేర్చి ఉండవచ్చు. అందుకని నోట్‌బుక్‌లో 'ఆధారం' అని ఇంకో గడి గీయించండి. కోటాసారస్ దగ్గర ఆ గడిలో ఏం రాశాడో నాకు ఉత్తరం రాయమనండి, తప్పకుండా జవాబిస్తాను.